దిగుమతుల వల్ల ఫ్యాక్టరీ ఉద్యోగం పోతే: అమెరికా టీఏఏ సాయం గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

విదేశీ సరుకు పోటీకి తట్టుకోలేక ఫ్యాక్టరీ మూతపడినా, కంపెనీ పనిని వేరే దేశానికి తరలించినా, రోడ్డున పడిన కార్మికుల కోసం అమెరికా ప్రభుత్వం దశాబ్దాల పాటు ఒక పథకం నడిపింది. దాని పేరు ట్రేడ్ అడ్జస్ట్‌మెంట్ అసిస్టెన్స్, క్లుప్తంగా టీఏఏ. అమెరికాలో ఉంటున్న తెలుగువాళ్లలో కూడా దీని గురించి విన్నవాళ్లు తక్కువ. విన్నవాళ్లకు సగం సగం తెలుసు. అందుకే ఈ ప్రశ్నలూ జవాబులూ.

ఇప్పుడు ఈ సాయానికి దరఖాస్తు చేసుకోవచ్చా?

చేసుకోలేరు. 2022 జూలై 1 నుంచి అమెరికా లేబర్ డిపార్ట్‌మెంట్ కొత్త పిటిషన్లు తీసుకోవడం లేదు. అప్పటికే చేతిలో ఉన్న పిటిషన్ల మీద నిర్ణయం చెప్పే అధికారం కూడా పోయింది. పథకం గడువును పార్లమెంటు, అంటే అక్కడి కాంగ్రెస్, పొడిగించకపోవడమే కారణం. చట్టాన్ని రద్దు చేయలేదు. కాంగ్రెస్ మళ్లీ ఓటు వేస్తే పథకం తిరిగి మొదలవుతుంది.

ఈ మాట ముందే ఎందుకు చెప్తున్నానంటే, నెట్‌లో పాత సమాచారం కుప్పలుగా ఉంది. అది చదివి ఆశ పెట్టుకుని, నిరుద్యోగ భృతికి అప్లై చేయడం కూడా ఆలస్యం చేసుకునే ప్రమాదం ఉంది. ఇవాళ లేఆఫ్ అయినవాళ్లకు ఏమేం మిగిలాయో కింద రాశాను. తొందరలో ఉన్నవాళ్లు ముందు అది చదవండి.

మరి ఆగిపోయిన పథకం గురించి తెలుసుకుని ఏం లాభం?

రెండు లాభాలు. గడువు అయిపోయి మళ్లీ తెరుచుకోవడం దీనికి ఇదివరకు జరిగింది. 2013 చివర్లో చాలా భాగం వెనక్కి పోయింది, 2015లో కాంగ్రెస్ మళ్లీ నిలబెట్టింది. రేపు తెరుచుకుంటే, కాగితాలు సిద్ధంగా ఉన్నవాళ్లే ముందు నిలబడతారు. ఇక రెండోది, ప్రభుత్వం మనకు ఏం బాకీ ఉందో తెలిస్తేనే అడగగలం. ఎంపీని అడిగినట్టే అక్కడ మన ఏరియా కాంగ్రెస్ సభ్యుడి ఆఫీసుకు ఫోన్ చేసి అడగొచ్చు.

ఉద్యోగం ఎందుకు పోయినా పోయినట్టే కదా? దిగుమతుల వల్ల పోయినవాళ్లకే ప్రత్యేకంగా ఎందుకు?

అందరూ అడిగే ప్రశ్న ఇది. న్యాయమైన ప్రశ్న కూడా.

ఒక షాపు సరిగా నడవక మూతపడటం వేరు. ప్రభుత్వమే కూర్చుని, సుంకాలు తగ్గిస్తూ ఒప్పందం మీద సంతకం పెట్టి, ఆ సంతకం వల్ల ఫలానా ఊళ్లో మిల్లు మూతపడటం వేరు. సుంకం తగ్గితే చొక్కా, టీవీ, కుర్చీ చవకవుతాయి. ఆ లాభం దేశంలో అందరికీ కాస్త కాస్త అందుతుంది. నష్టం మాత్రం కొన్ని ఊళ్ల మీద, కొన్ని కుటుంబాల మీద మొత్తంగా పడుతుంది. అందరి లాభం కోసం తీసుకున్న నిర్ణయానికి కొందరే మూల్యం చెల్లిస్తున్నప్పుడు, ఆ మూల్యంలో కొంత ప్రభుత్వం భరించాలన్నది దీని వెనకున్న ఆలోచన. 1950ల్లో స్టీలు కార్మికుల సంఘం నాయకుడు డేవిడ్ మెక్‌డొనాల్డ్ ఈ ప్రతిపాదన చేశారు. 1962లో కెనెడీ వాణిజ్య చట్టం తెచ్చినప్పుడు దీన్ని అందులో చేర్చారు. దేశం తీసుకున్న విధానం వల్ల దెబ్బతిన్నవాళ్లే మొత్తం భారం మోయకూడదని కెనెడీ కాంగ్రెస్‌కు పంపిన సందేశంలో స్పష్టంగా చెప్పారు.

కాబట్టి నా దృష్టిలో ఇది దానం కాదు. ఇచ్చిన మాట.

ఆ మాట నిలబెట్టుకున్నారా?

మొదట్లో లేదు. 1962 చట్టంలో షరతులు ఎంత బిగువుగా పెట్టారంటే, సుంకం తగ్గించడమే దిగుమతులు పెరగడానికి ప్రధాన కారణం అని చూపాలి, ఆ దిగుమతులే ఉద్యోగం పోవడానికి ప్రధాన కారణం అని కూడా చూపాలి. 1969 దాకా ఒక్క కార్మికుడికి కూడా సాయం అందలేదు. ఏడేళ్లు చట్టం పుస్తకంలోనే ఉంది. కార్మిక సంఘాలు దీన్ని అంత్యక్రియల ఇన్సూరెన్స్ అనడం మొదలుపెట్టాయంటే అర్థం చేసుకోవచ్చు.

1974 వాణిజ్య చట్టంతో షరతులు సడలించారు. దిగుమతులు ‘ముఖ్యంగా తోడ్పడితే’ చాలు, అన్నిటికంటే పెద్ద కారణం కానక్కర్లేదు అన్నారు. అప్పటి నుంచి అసలు పథకం నడిచింది. 1980 ప్రాంతంలో కార్ల పరిశ్రమ దెబ్బతిన్నప్పుడు ఖర్చు ఒక్కసారిగా పెరిగింది, 1981లో రీగన్ ప్రభుత్వం గట్టిగా కోత పెట్టింది. 1993లో మెక్సికో, కెనడాలతో చేసుకున్న నాఫ్టా వాణిజ్య ఒప్పందంతో పాటు, ఆ దేశాల వల్ల ఉద్యోగం పోయినవాళ్లకు ఒక ప్రత్యేక విభాగం వచ్చింది. 2002లో రెండూ కలిపేశారు. 2009లో సర్వీసు రంగం వాళ్లను కూడా చేర్చారు. అలా ఒకసారి పెరుగుతూ, ఒకసారి తరుగుతూ వచ్చింది.

ఎవరికి వర్తించేది?

కింద చెప్పేవన్నీ 2015 చట్టం ప్రకారం, అంటే పథకం పూర్తిగా నడిచిన చివరి రూపం ప్రకారం.

సాయం మొదట మనిషికి కాదు, గుంపుకు. ఒక ఫ్యాక్టరీలో, లేదా ఒక విభాగంలో పని చేసేవాళ్లందరినీ కలిపి చూసేవారు. అక్కడ తగినంతమందికి ఉద్యోగం పోయి ఉండాలి, లేదా పోయే ముప్పు ఉండాలి. యాభై మంది లోపు ఉండే చోట ముగ్గురికి పోయినా చాలు. అంతకంటే పెద్ద చోట ఐదు శాతం మందికి లేదా యాభై మందికి, ఏది తక్కువైతే అది. దానికి కారణం మూడింట్లో ఏదో ఒకటి అయి ఉండాలి. మీరు తయారుచేసే లాంటి సరుకు దిగుమతులు పెరగడం, మీ కంపెనీ ఆ పనిని విదేశానికి తరలించడం, లేదా మీరు విడిభాగాలు సరఫరా చేసే పెద్ద కంపెనీకి ఇలాంటి దెబ్బ తగలడం.

మూడోది చాలామందికి తెలిసేది కాదు. కార్ల కంపెనీ మూతపడితే వార్తల్లో వస్తుంది. దానికి సీటు కవర్లు కుట్టే చిన్న యూనిట్‌లో నలభై మంది ఇళ్లకు పోతే ఎవరూ రాయరు. ఆ నలభై మంది కూడా అర్హులే.

పిటిషన్ ఎవరు వేయాలి? కంపెనీ సంతకం కావాలా?

అక్కర్లేదు. ముగ్గురు కార్మికులు కలిసి వేయొచ్చు. యూనియన్ వేయొచ్చు, కంపెనీ వేయొచ్చు, రాష్ట్ర ఉపాధి కార్యాలయం కూడా వేయొచ్చు. అడ్వకేటు లేకుండానే వేసేంత చిన్న ఫారం అది. కంపెనీ పేరు, అడ్రసు, ఏం తయారుచేసేవారు, ఎప్పటి నుంచి లేఆఫ్‌లు మొదలయ్యాయి, దిగుమతులే కారణమని ఎందుకు అనుకుంటున్నారు. ఇంతే.

నిరూపించే బాధ్యత కార్మికుడి మీద లేదు. నా మట్టుకు నాకు ఈ చట్టంలో అన్నిటికంటే బాగా నచ్చిన విషయం ఇదే. లైన్ మీద మోటార్లు బిగించే మనిషికి కంపెనీ దిగుమతి లెక్కలు ఎలా తెలుస్తాయి? లేబర్ డిపార్ట్‌మెంట్ ఇన్వెస్టిగేటరే కంపెనీకి రాసి అమ్మకాలు, ఉత్పత్తి, దిగుమతుల లెక్కలు తెప్పించుకుంటారు. అవసరమైతే ఆ కంపెనీ దగ్గర కొనే కస్టమర్లను కూడా అడుగుతారు, ‘మీరు ఇప్పుడు ఎవరి దగ్గర కొంటున్నారు’ అని. కంపెనీ ఇవ్వనంటే సమన్లు పంపే అధికారం ఉంది. చట్టం ప్రకారం నలభై రోజుల్లో తేల్చాలి.

ఆమోదం వస్తే, పిటిషన్ తేదీకి ఏడాది ముందు నుంచి, ఆమోదం తర్వాత రెండేళ్ల దాకా ఆ గుంపులో ఉద్యోగం పోయిన ప్రతి ఒక్కరికీ వర్తిస్తుంది. సంతకం పెట్టిన ముగ్గురికే కాదు. ఏడాది కంటే ముందు పోయినవాళ్లు మాత్రం బయటపడిపోతారు. అందుకే ఆలస్యం చేయొద్దనేవారు.

కాదంటే?

ముప్పై రోజుల్లో మళ్లీ పరిశీలించమని అడగొచ్చు. అరవై రోజుల్లో న్యూయార్క్‌లో ఉన్న అంతర్జాతీయ వాణిజ్య కోర్టుకు వెళ్లొచ్చు. వెళ్లి గెలిచిన కార్మికులు ఉన్నారు.

డబ్బు ఎంత వచ్చేది?

మామూలు నిరుద్యోగ భృతి వారానికి ఎంత వచ్చేదో, అది అయిపోయాక కూడా అంతే మొత్తం ఇచ్చేవారు. షరతు ఒకటే, ట్రైనింగ్‌లో చేరాలి.

లెక్క చూద్దాం. ఒకామెకు భృతి వారానికి 400 డాలర్లు, 26 వారాలు వచ్చింది అనుకుందాం. ఆ తర్వాత టీఆర్ఏ (ట్రేడ్ రీఅడ్జస్ట్‌మెంట్ అలవెన్స్) అనే భత్యం మొదటి విడత. భృతితో కలిపి 52 వారాలు అయ్యేట్టు ఇస్తారు, అంటే ఇంకో 26. ట్రైనింగ్ పెద్దదైతే అదనంగా 65 వారాలు. ఇంకొంచెంలో కోర్సు పూర్తవుతుందంటే మరో 13. మొత్తం 130 వారాలు, రెండున్నరేళ్లు. 400 చొప్పున 52,000 డాలర్లు. ఇల్లు గడవడానికి బొటాబొటీ డబ్బే. కానీ రెండేళ్ల డిగ్రీ పూర్తి చేయడానికి అవసరమైన టైమ్ కొనిపెట్టేది అదే. మామూలు భృతి 26 వారాలతో ఆగిపోతే, ఎవరైనా దొరికిన మొదటి ఉద్యోగంలో చేరిపోతారు గానీ కాలేజీకి పోరు.

ట్రైనింగ్ ఫీజు ఎవరు కట్టేవారు?

ప్రభుత్వమే. ఫీజు, పుస్తకాలు, పనిముట్లు, దూరమైతే ప్రయాణ ఖర్చు. నర్సింగ్ అసిస్టెంట్, వెల్డింగ్, ఏసీ రిపేరు, ట్రక్కు డ్రైవింగ్, అకౌంటింగ్, ఇలా ఊళ్లో ఉద్యోగం దొరికే కోర్సు ఏదైనా సరే. హైస్కూలు పూర్తి కానివాళ్లకు ముందు ఆ పరీక్ష పాస్ చేయించడం, ఇంగ్లీషు రానివాళ్లకు ఇంగ్లీషు నేర్పడం కూడా ట్రైనింగ్ కిందే లెక్క.

చాలామంది దెబ్బతిన్నది డెడ్‌లైన్ దగ్గర. ఆమోదం వచ్చిన తేదీ, ఉద్యోగం పోయిన తేదీ, ఈ రెండింట్లో ఏది తర్వాతదో దాని నుంచి 26 వారాల్లోపు ట్రైనింగ్‌లో పేరు నమోదు కావాలి, లేదా మినహాయింపు కాగితం తీసుకోవాలి. ఆ వారం దాటితే ట్రైనింగ్ ఫీజు కడతారేమో గానీ వారం వారం వచ్చే భత్యం పోతుంది. ఉద్యోగం పోయిన షాక్‌లో, ‘ఫ్యాక్టరీ మళ్లీ తెరుస్తారేమో’ అన్న ఆశలో ఆరు నెలలు ఎలా గడిచిపోతాయో తెలియదు.

వేరే ఊళ్లో ఉద్యోగం వెతుక్కుంటే ఆ ఖర్చులో 90 శాతం, 1,250 డాలర్ల దాకా ఇచ్చేవారు. మకాం మారిస్తే సామాను తరలింపు ఖర్చులో కూడా 90 శాతం.

యాభై దాటినవాళ్లు మళ్లీ కాలేజీకి వెళ్లాలా?

వెళ్లనక్కర్లేదు. యాభై నిండినవాళ్లు తక్కువ జీతానికి వేరే ఉద్యోగంలో చేరితే, పాత జీతానికి కొత్త జీతానికి ఉన్న తేడాలో సగం ప్రభుత్వం ఇచ్చేది. పరిమితి రెండేళ్లు, మొత్తం 10,000 డాలర్లు. కొత్త జీతం ఏడాదికి 50,000 దాటకూడదు. ఉదాహరణకు 44,000 వచ్చే మనిషికి ఇప్పుడు 30,000 వస్తోంది. తేడా 14,000, అందులో సగం 7,000. మొదటి ఏడాది 7,000, రెండో ఏడాది మిగిలిన 3,000.

యాభై నాలుగేళ్ల మనిషిని అల్జీబ్రా క్లాసులో కూర్చోబెట్టడం కంటే ఇది మర్యాదైన పద్ధతి అనిపిస్తుంది నాకు. మొత్తం మాత్రం చాలా చిన్నది.

హెల్త్ ఇన్సూరెన్స్ సంగతి?

2002 నుంచి ప్రీమియంలో కొంత ప్రభుత్వం టాక్స్ క్రెడిట్‌గా కట్టేది. మొదట 65 శాతం, చివరికి 72.5 శాతం. 2021 చివరితో అదీ ముగిసింది.

నిజంగా ఒక ఊళ్లో ఇది ఎలా నడిచిందో చెప్పగలరా?

నార్త్ కరొలినాలో షార్లట్‌కు దగ్గర్లో కన్నాపొలిస్ అనే ఊరుంది. ఆ ఊరు పుట్టిందే మిల్లు కోసం. క్యానన్ మిల్స్ పేరుతో తువాళ్లు, దుప్పట్లు నేసేవారు. ఇళ్లు మిల్లువే, షాపులు మిల్లువే. తాత, తండ్రి, కొడుకు ఒకే గేటు లోపలికి వెళ్లిన కుటుంబాలు. తర్వాత యజమానులు మారి చివరికి పిల్లోటెక్స్ అనే కంపెనీ చేతికి వచ్చింది. విదేశాల నుంచి చవక తువాళ్లు ముంచెత్తుతున్న కాలం, కంపెనీ అప్పుల్లో ఉంది. 2003 జూలై 30న మూసేశారు. దేశమంతా కలిపి ఒక్కరోజులో 6,000 మందికి పైగా ఉద్యోగాలు పోయాయి. అందులో 4,000 మందికి పైగా ఆ ఊరి చుట్టుపక్కల వాళ్లే. ఆ రాష్ట్ర చరిత్రలో ఒకేసారి అంతమందిని తీసేయడం అదే మొదలు.

వాళ్లకు టీఏఏ ఆమోదం వచ్చింది. అక్కడి రోవన్-కబారస్ కమ్యూనిటీ కాలేజీకి వందల మంది వచ్చి చేరారు. అందులో చాలామంది హైస్కూలు పూర్తి చేయకుండానే పదహారు, పదిహేడేళ్లకు మగ్గం దగ్గర నిలబడ్డవాళ్లు. ముప్పై ఏళ్ల తర్వాత మళ్లీ పెన్సిల్ పట్టుకుని భిన్నాలు, శాతాలు నేర్చుకున్నారు. నర్సింగ్ వైపు, ఆఫీసు పనుల వైపు వెళ్లారు కొందరు. కొందరు మధ్యలో మానేశారు. ఇన్సూరెన్స్‌లో 65 శాతం ప్రభుత్వం కట్టినా, మిగిలిన 35 శాతం భృతి మీద బతికే ఇంటికి మోయలేని బరువు. చాలామంది ఇన్సూరెన్స్ వదులుకున్నారు.

ఆ తర్వాత మిల్లు కూలగొట్టి, ఆ స్థలంలోనే బయోటెక్ పరిశోధన క్యాంపస్ కట్టారు. భవనాలు అందంగా ఉంటాయి. కానీ పీహెచ్‌డీలు కావలసిన ఆ ఉద్యోగాలు మగ్గం నడిపిన చేతులకు రావడం కష్టం. ఒక ఊరికి ఉద్యోగాలు తిరిగి రావడం, ఆ ఊరి మనుషులకు ఉద్యోగాలు తిరిగి రావడం, రెండూ ఒకటి కాదు. టీఏఏ లాంటి పథకం చూడాల్సింది రెండోదాన్ని.

ఇంత ఖర్చు పెట్టారు కదా, ఫలితం ఉందా? డబ్బు దండగ అంటారు కొందరు.

అధ్యయనాలు రెండు రకాలుగా ఉన్నాయి. దాచకుండా చెప్పాలి. లేబర్ డిపార్ట్‌మెంట్ కోసం మాథమాటికా సంస్థ చేసిన అధ్యయనం 2012లో వచ్చింది. ఉద్యోగం పోయిన నాలుగేళ్లకు చూస్తే, సాయం తీసుకున్నవాళ్లు తీసుకోనివాళ్ల కంటే తక్కువే సంపాదిస్తున్నారని తేల్చింది. పథకం వద్దనేవాళ్లు ఎప్పుడూ చూపించేది దీన్నే.

తర్వాత బెంజమిన్ హైమన్ అనే ఆర్థికవేత్త ఇంకో దారిలో వెళ్లారు. పిటిషన్లు ఏ ఇన్వెస్టిగేటర్ దగ్గరికి వెళ్తాయన్నది దాదాపు లాటరీ. కొందరు ఉదారంగా ఒప్పుకుంటారు, కొందరు గట్టిగా ఉంటారు. అంటే ఒకే రకం కార్మికుల్లో కొందరికి సాయం అందడం, కొందరికి అందకపోవడం కేవలం ఫైలు ఎవరి టేబుల్ మీద పడిందన్న దాన్నిబట్టి కూడా జరిగింది. ఆ రెండు గుంపులనూ పోల్చి చూస్తే, సాయం అందినవాళ్లు పదేళ్లలో మొత్తం మీద సుమారు 50,000 డాలర్లు ఎక్కువ సంపాదించారు. పదేళ్లు పూర్తయ్యేసరికి ఏడాది జీతాల్లో తేడా తగ్గిపోయింది. అయినా మధ్యలో ఆ కుటుంబం నిలదొక్కుకుంది కదా, పిల్లల చదువు ఆగలేదు కదా. నాకు ఈ రెండో పద్ధతి మీదే నమ్మకం ఎక్కువ, ఎందుకంటే పోలుస్తున్న మనుషులు నిజంగా ఒకలాంటివాళ్లు.

ఇంకో కోణం ఉంది. 2001 డిసెంబరులో చైనా ప్రపంచ వాణిజ్య సంస్థలో చేరింది. 2000లో 1.7 కోట్లకు పైగా ఉన్న అమెరికా ఫ్యాక్టరీ ఉద్యోగాలు 2010కి సుమారు 1.15 కోట్లకు పడిపోయాయి. కారణాల్లో యంత్రాలున్నాయి, 2008 మాంద్యం ఉంది, చైనా సరుకూ ఉంది. డేవిడ్ ఆటర్, డేవిడ్ డోర్న్, గోర్డన్ హాన్సన్ ఈ దెబ్బ తిన్న ప్రాంతాలను పరిశీలించారు. అక్కడ వికలాంగుల పెన్షన్, వైద్య సాయం లాంటి ఖర్చు పెరిగినంతలో టీఏఏ ఖర్చు పిసరంతే. నడుం నొప్పితో పెన్షన్ తీసుకుని ఇంట్లో కూర్చున్న మనిషి మళ్లీ పనిలోకి రావడం అరుదు. ఎలాగూ ఖర్చవుతున్న డబ్బే. మనిషిని లేపి నిలబెట్టేదానికి పెట్టలేదు, అంతే.

సాఫ్ట్‌వేర్ పని హైదరాబాద్‌కు తరలిస్తే, అమెరికాలో ఉద్యోగం పోయినవాళ్లకు వర్తించేదా?

ఈ ప్రశ్న మనవాళ్లు రెండు వైపుల నుంచీ అడుగుతారు. 2000ల మొదట్లో ప్రోగ్రామర్ల పిటిషన్లను తిరస్కరించేవారు, ఎందుకంటే అప్పట్లో వస్తువులు తయారుచేసేవాళ్లకే సాయం. డిస్క్‌లో పెట్టి డబ్బాలో అమ్మితే సాఫ్ట్‌వేర్ ‘వస్తువు’ అవుతుంది, నెట్ ద్వారా పంపితే కాదు అనేవారు. కార్మికులు కోర్టుకు వెళ్లారు. 2006లో లేబర్ డిపార్ట్‌మెంట్ దిగివచ్చి, చేతికి తగలని సాఫ్ట్‌వేర్ కూడా వస్తువే అని ఒప్పుకుంది. 2009 చట్టంతో కాల్ సెంటర్లు, బ్యాక్ ఆఫీసులు కూడా వచ్చాయి. పని ఇండియాకు వెళ్లినా, ఫిలిప్పీన్స్‌కు వెళ్లినా సరే. 2021 జూలై నుంచి మాత్రం సర్వీసు రంగాన్ని మళ్లీ తీసేశారు. ఆ తర్వాత ఏడాదికి మొత్తమే ఆగింది.

ఆ లేఆఫ్ అయినవాళ్లలో తెలుగువాళ్లు కూడా ఉంటారు. గ్రీన్ కార్డు ఉండి పని చేసినవాళ్లు ఈ సాయానికి పౌరులతో సమానంగానే అర్హులు. హెచ్‌1బీ మీద ఉన్నవాళ్లకు చిక్కు వేరు. ఉద్యోగం పోతే దేశంలో ఉండటానికే సాధారణంగా అరవై రోజుల గడువు. వారం వారం భత్యం రావాలంటే ముందు నిరుద్యోగ భృతికి అర్హత ఉండాలి, పనికి చట్టబద్ధంగా అందుబాటులో ఉండాలి. ఆ షరతు దగ్గరే ఆగిపోతారు.

అంత అవసరమైన పథకాన్ని ఎందుకు ఆపేశారు?

రాజకీయం. కొత్త వాణిజ్య ఒప్పందాలను త్వరగా ఆమోదించే అధికారం అధ్యక్షుడికి ఇచ్చినప్పుడల్లా దానికి జోడుగా టీఏఏని పొడిగించేవారు. 2002లో అదే, 2015లో అదే. ఒకరికి ఒప్పందాలు కావాలి, ఇంకొకరికి కార్మికుల సాయం కావాలి, కలిపి ఓటు వేసేవారు. 2021లో ఆ అధికారం గడువూ ముగిసింది. దాన్ని మళ్లీ ఇవ్వకుండా టీఏఏ ఒక్కదాన్నే పొడిగించం అని రిపబ్లికన్లు, ఒప్పందాల ఊసెత్తడానికి ఇష్టపడని డెమోక్రాట్లు, మధ్యలో ఇది ఇరుక్కుపోయింది. ఎవరి వాదన వాళ్లకు ఉండొచ్చు. కానీ పిటిషన్ వేసి జవాబు కోసం చూస్తున్న కార్మికుడి ఫైలు టేబుల్ మీద అలాగే ఉండిపోవడం అన్యాయం.

ఇప్పుడు టారిఫ్‌లు పెంచారు కదా, దిగుమతులే తగ్గుతాయి. ఇంక ఈ సాయం ఎందుకు?

టారిఫ్ వేసినంత మాత్రాన మూతపడిన మిల్లు తెరుచుకోదు. పైగా టారిఫ్‌ల వల్ల కూడా ఉద్యోగాలు పోతాయి. స్టీలు ధర పెరిగితే స్టీలుతో సామాన్లు చేసే ఫ్యాక్టరీకి దెబ్బ. అవతలి దేశం ఎదురు సుంకం వేస్తే ఎగుమతి చేసే ఫ్యాక్టరీకి దెబ్బ. టీఏఏ నడిచిన రోజుల్లో కూడా ఈ రకం నష్టానికి సాయం లేదు. దిగుమతి పెరిగితేనే, లేదా పని బయటికి పోతేనే సాయం. పథకం మళ్లీ పెడితే ముందు సరిచేయాల్సిన లోపం ఇదే.

ఇవాళ లేఆఫ్ అయితే ఏమేం ఉన్నాయి?

మొదటి వారంలోనే రాష్ట్ర నిరుద్యోగ భృతికి అప్లై చేయండి. చాలా రాష్ట్రాల్లో గరిష్ఠంగా 26 వారాలు, కొన్నిట్లో ఇంకా తక్కువ. సిగ్గుపడొద్దు, అది మీ పేరున మీ కంపెనీ కట్టిన పన్ను డబ్బు.

వంద మంది లేదా అంతకంటే ఎక్కువమంది ఉన్న కంపెనీ, ప్లాంటు మూసేసి యాభై మందిని లేదా అంతకంటే ఎక్కువమందిని తీసేస్తుంటే, 1988 నాటి వార్న్ చట్టం ప్రకారం అరవై రోజుల ముందు రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి. ఇవ్వకపోతే ఆ రోజుల జీతం అడిగే హక్కు ఉంటుంది. కొన్ని మినహాయింపులున్నాయి కాబట్టి లేబర్ లాయర్‌ని ఒకసారి కలవడం మంచిది.

ట్రైనింగ్ కోసం మీ ఏరియాలో అమెరికన్ జాబ్ సెంటర్‌కు వెళ్లి, ‘డిస్‌లొకేటెడ్ వర్కర్’ (లేఆఫ్ అయిన కార్మికుడు) కింద నమోదు చేయమని ఆ మాటే వాడి అడగండి. 2014 నాటి ఉపాధి చట్టం కింద కోర్సు ఫీజు కొంత ఇస్తారు. టీఏఏతో పోలిస్తే ఇది హక్కు కాదు, నిధులున్నంత వరకే. రెండేళ్ల భత్యం కూడా ఉండదు. ఆదాయం పడిపోయింది కాబట్టి కమ్యూనిటీ కాలేజీ ఫీజుకు పెల్ గ్రాంట్ (తక్కువ ఆదాయం వాళ్లకు ప్రభుత్వం ఇచ్చే చదువు సాయం) వస్తుందేమో కాలేజీ ఫైనాన్షియల్ ఎయిడ్ ఆఫీసులో అడగండి.

ఇన్సూరెన్స్‌కు కోబ్రా అనే చట్టం కింద కంపెనీ ఇచ్చిన పాత ప్లాన్ సాధారణంగా 18 నెలలు కొనసాగించొచ్చు, కానీ మొత్తం ప్రీమియం మీరే కట్టాలి, పైన రెండు శాతం. దానికంటే ప్రభుత్వ ఇన్సూరెన్స్ మార్కెట్‌ప్లేస్‌లో సొంతంగా కొనే ప్లాన్ చవకగా రావచ్చు. అరవై రోజుల్లోపు తీసుకోవాలి.

2022 జూన్ 30 లోపే ఆమోదం వచ్చి, అప్పటికే ఉద్యోగం పోయినవాళ్ల హక్కులు మాత్రం అలాగే ఉన్నాయి. ఇంకా ఏమైనా మిగిలి ఉందా అని రాష్ట్ర కార్యాలయంలో అడిగి తెలుసుకోవాలి.

ఇండియాలో ఇలాంటిది ఉందా?

దిగుమతుల వల్ల పోయిందా అని చూసి ఇచ్చే పథకం మన దగ్గర లేదు. చైనా పట్టు వచ్చి పడి హిందూపురం, ధర్మవరం వైపు పట్టుగూళ్ల ధర కూలినప్పుడు ప్రభుత్వం యాంటీ డంపింగ్ సుంకం వేసింది. అంటే సరుకును ఆపడానికి చూసింది. దారం తీసే యూనిట్‌లో పని పోయిన మనిషి చేతికి వచ్చిందేమీ లేదు.

దగ్గరగా వచ్చేది 1986లో పెట్టిన జౌళి కార్మికుల పునరావాస నిధి. మిల్లు శాశ్వతంగా మూతపడితే మొదటి ఏడాది జీతంలో 75 శాతం, రెండో ఏడాది 50, మూడో ఏడాది 25 ఇచ్చేవారు. అది 2017లో ఈఎస్‌ఐ వారి రాజీవ్ గాంధీ శ్రామిక్ కల్యాణ్ యోజనలో కలిసిపోయింది. ఈఎస్‌ఐలోనే అటల్ బీమిత్ వ్యక్తి కల్యాణ్ యోజన కింద సగటు జీతంలో సగం, జీవితంలో మొత్తం 90 రోజుల దాకా ఇస్తారు. ఇవి కాక ఉద్యోగం తీసేసినందుకు కంపెనీ ఇచ్చే రిట్రెంచ్‌మెంట్ పరిహారం, పూర్తి చేసిన ప్రతి ఏడాది సర్వీసుకు 15 రోజుల జీతం. కాంట్రాక్టు కార్మికులకు ఇందులో చాలా భాగం అందదు. మన ఫ్యాక్టరీల్లో ఎక్కువమంది వాళ్లే.

యూరప్‌లో 2007 నుంచి గ్లోబలైజేషన్ అడ్జస్ట్‌మెంట్ ఫండ్ నడుస్తోంది. 2009లో డెల్ కంపెనీ ఐర్లండ్‌లోని లిమరిక్ నుంచి పోలండ్‌కు తరలిపోయినప్పుడు అక్కడి కార్మికులకు అదే ఆదుకుంది. ఒకప్పుడు 500 మందికి ఉద్యోగం పోతేనే వర్తించేది, ఇప్పుడు 200 మందికి తగ్గించారు.

మా ఫ్యాక్టరీ గురించి గుసగుసలు మొదలయ్యాయి. ఇప్పుడే ఏం చేయమంటారు?

జీతం స్లిప్పులు, డబ్ల్యూ2లు (ఏడాది జీతం, పన్ను చూపే ఫారాలు), చేరిన తేదీ కాగితం ఇంట్లో పెట్టుకోండి. ఫ్యాక్టరీ మెయిల్‌లో మాత్రమే ఉన్నవి గేటు మూసిన రోజు పోతాయి. మీరు చేసే పార్టు పేరు, నంబరు రాసుకోండి. యంత్రాలు ఎక్కడికి ప్యాక్ అవుతున్నాయి, కొత్తవాళ్లకు పని నేర్పమని మిమ్మల్ని ఏ దేశం పంపించారు, ఏ కస్టమర్ ఆర్డర్లు ఆగాయి, తేదీలతో సహా నోట్ చేసుకోండి. కంపెనీ రహస్య పత్రాలు మాత్రం కాపీ చేయొద్దు, చూసింది రాసుకుంటే చాలు. పథకం మళ్లీ తెరుచుకుంటే, పిటిషన్‌లో ‘దిగుమతులే కారణమని ఎందుకు అనుకుంటున్నారు’ అన్న గడిలో నింపాల్సింది సరిగ్గా ఇదే. కలిసి సంతకం పెట్టే ఇద్దరు తోటివాళ్ల ఫోన్ నంబర్లు కూడా తీసుకుని ఉంచుకోండి, లేఆఫ్ తర్వాత ఎవరు ఏ ఊరికి వెళ్తారో తెలియదు.